ముందే చెప్పించిన కృతజ్ఞతా పూజ

మా సొంతూరి చర్చికి కొత్త మైకు తెచ్చినవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పాత మైకు జలుబు చేసిన మనిషిలా ఉండేది. ఫాదర్ గారు ఏం చదివినా సగం దేవుడికి చేరేది, సగం గోడల్లో ఇంకిపోయేది. కొత్తది అలా కాదు. పూజకు ముందు చదివే తలంపులన్నీ, అంటే ఎవరి కొడుకు ఇంటర్ గట్టెక్కాలో, ఎవరి గేదె సుఖంగా ఈనాలో, ఎవరి అల్లుడు తాగుడు మానాలో, రోడ్డు మీద కారేపల్లి బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా అక్షరం పొల్లు పోకుండా వినిపిస్తాయి. దేవుడు ఒక్కడే వింటే సరిపోయే సంగతులు కొన్ని ఉంటాయని మైకు కొన్నవాళ్లకు తట్టలేదు.

మైకుకు కూడా నా మీద ఫిర్యాదు ఉండొచ్చు. అది నేను రాసిచ్చిందే చదివింది.

నా పేరు శౌరి. తల్లాడలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పద్దెనిమిదేళ్లుగా ఏటా మూత్రపిండం బొమ్మను బోర్డు మీద వేస్తున్నాను. ఎర్ర సుద్దతో ధమని, నీలం సుద్దతో సిర. నిరుడు ఆగస్టులో నా కాళ్లు వాచినప్పుడు నేను అనుమానించింది చెప్పుల కంపెనీని. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉంటే నా భార్య నిర్మల, "ఏంది, ఏడ్చినవా?" అని అడిగింది. పిల్లల ఆన్సర్ షీట్లు దిద్దానని చెప్పాను. తర్వాత అన్నం వాసన పడలేదు. రెండు మెట్లెక్కితే రొప్పు. చర్మం మీద గోకడానికి చోటు మిగలని దురద. మా పాఠంలో ఈ లక్షణాలన్నీ కలిపి నాలుగు మార్కుల ప్రశ్న. నాకు రావాల్సింది సున్నా.

ఖమ్మంలో డాక్టర్ గారు రిపోర్టు చూసి, నన్ను చూసి, మీరేం చేస్తుంటారని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. ఈ జబ్బులో నాకు దొరికిన మొదటి దయ అదే.

ఖమ్మంలో డయాలిసిస్ మిషన్లకు చాలా పెద్ద వరస ఉంది. అందుకని భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట, క్యాథలిక్ సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాకు పంపించారు. సోమవారం, గురువారం. పోవడానికి రెండు గంటల బస్సు, మిషన్ మీద నాలుగు గంటలు, మళ్లీ రెండు గంటల బస్సు. వరండాలో సిమెంటు బల్లల మీద కూర్చుని పిలుపు కోసం చూసేవాళ్లం. లోపలి గూడేల నుంచి వచ్చినవాళ్లు గుడ్డలో కట్టుకున్న అన్నం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎవరూ ఎవరినీ నీకేం జబ్బని అడగరు. చేతి మీద మిషన్ సూదులు గుచ్చిన ఉబ్బు చూస్తే తెలుస్తుంది.

అన్నిటికంటే కష్టం దాహం. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని లెక్క పెట్టారు. ఒక సోమవారం నేను వరండాలో కుళాయి వంక పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చూస్తుంటే, పక్కన కూర్చున్న సోమయ్య తాత, "మింగకు సారూ. నోట్లో పోస్కొని ఊసెయ్. నోటికేం తెల్వదు" అన్నాడు. ఆయన కోయగూడెం మనిషి. మా ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. ఆ ఉపాయం పద్దెనిమిదేళ్ల నా పాఠంలో లేదు. ఇప్పటికీ నేను చేసేది అదే.

అక్టోబరులో డాక్టర్లు కిడ్నీ మార్పిడి మాట ఎత్తారు. దగ్గరి చుట్టాల్లో ఎవరైనా ఇస్తే మంచిదన్నారు. నిర్మల ముందుకొచ్చింది గాని ఆమెకు షుగర్. అమ్మానాన్నలు లేరు. మిగిలింది చెల్లె లూర్దమ్మ ఒక్కతే. నాకంటే ఆరేళ్లు చిన్న. అశ్వారావుపేట దగ్గర ఉంటుంది. ఆమె, బావ జోజి పామాయిల్ తోటల్లో పనికి పోతారు. అతను పొడుగు గెడకు కట్టిన కొడవలితో గెలలు కోస్తాడు, ఆమె వాటిని ట్రాక్టర్ దాకా మోస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు.

ఫోన్ చేశాను. ఒక కిడ్నీతో మనిషి ఎంత హాయిగా బతకొచ్చో అరగంట పాఠం చెప్పాను. ఇస్తావా అని మాత్రం అడగలేదు. ఆమె అంతా విని, "చూద్దాం అన్నా. ఆయనతోటి మాట్లాడి చెప్త" అంది.

చూద్దామంటే ఏమిటో నాకు తెలియక కాదు. రికార్డు ఎప్పుడు తెస్తావని అడిగితే మా పిల్లలు చెప్పే జవాబు అదే. పన్నెండు రోజులు ఆగాను. ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. అడిగితే వద్దంటుందేమో. అడగనంతకాలం వద్దనలేదు కదా. పన్నెండు రోజులు ఈ లాజిక్ మీదనే బతికాను.

నవంబరు చివర్లో మా ఊళ్లో క్రీస్తురాజు పండుగ. ఎక్కడెక్కడి ఆడపిల్లలూ ఆ రోజుకు పుట్టింటి ఊరికి వస్తారు. లూర్దమ్మ ఏ ఏడూ తప్పలేదు. పూజకు ముందు గుడి గుమ్మం దగ్గర తలంపుల చీటీలు వేసే డబ్బా పెడతారు. నేనూ ఒక చీటీ వేశాను. "అన్నకు తన మూత్రపిండం దానం చేస్తున్న లూర్దమ్మ త్యాగానికి కృతజ్ఞతగా" అని.

పొరపాటున రాశానని చెప్పుకోవచ్చు. జబ్బు మనిషిని, బుర్ర పనిచేయలేదని కూడా చెప్పుకోవచ్చు. కానీ ఆ చీటీ రెండుసార్లు రాశాను. మొదటిది దస్తూరి బాగా రాలేదని చింపేశాను. బుర్ర బాగానే పనిచేసింది. నలుగురి ముందు, దేవుడి ముందు, మైకులో ఒకసారి కృతజ్ఞత చెప్పేస్తే ఇక ఏ చెల్లె కాదంటుందని నా లెక్క. మా ఊళ్లో ఇంకెవరికీ ఈ ఉపాయం తట్టి ఉండదు. కోరిక తీరాక చెప్పించే పూజను ఇవ్వకముందే చెప్పించినవాణ్ని నేనొక్కణ్నే.

ఫాదర్ గారు చదివారు. మైకు తన పని చేసింది. ఆడవాళ్ల వైపు మూడో వరసలో లూర్దమ్మ కూర్చుని ఉంది. నా వైపు తిరగలేదు. పక్కనున్న చిన్నకూతురి జడ విప్పి, మళ్లీ మొదటి నుంచి అల్లడం మొదలుపెట్టింది. పూజ అయ్యేదాకా అదే జడ.

బయటికి రాగానే ముసలమ్మలు ఆమెను చుట్టుముట్టారు. తల నిమిరారు. మరియతల్లి నిన్ను సల్లగ చూడాలె బిడ్డా అన్నారు. ఆమె అందరికీ తలూపింది. జోజి నా పక్కకొచ్చి మెల్లగా, "బావా, గీ ముచ్చట నాకెవ్వలు జెప్పలే" అన్నాడు.

"ఇప్పుడు ఊరందరికీ తెల్సింది గదా, నీకొక్కనికే జెప్పుడెందుకు?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జోజి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

డిసెంబరు మొదటి వారం, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో, ఇద్దరినీ సిస్టర్ల దవాఖానాకు రమ్మన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానాకు పంపేముందు ఇచ్చేవాళ్లతో, పుచ్చుకునేవాళ్లతో విడివిడిగా మాట్లాడటం అక్కడి పద్ధతి. మాట్లాడేది సిస్టర్ ఎల్సీ. ఊరు కేరళ. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండటంతో తెలుగు వచ్చింది, గూడేల వాళ్లతో మాట్లాడేంత కోయ కూడా వచ్చింది. నాతో పది నిమిషాలు మాట్లాడింది. లూర్దమ్మతో గంటకు పైగా మాట్లాడింది. జోజిని కూడా లోపలికి రానివ్వలేదు. మేమిద్దరం వరండాలో, అదే సిమెంటు బల్ల మీద. అతను కాళ్లు ఊపుతున్నాడు, నేను ఊపవద్దని చెప్పలేకపోయాను.

తలుపు తీశాక లూర్దమ్మ మా వైపు రాలేదు. కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. సిస్టర్ నన్ను లోపలికి పిలిచి, లూర్దమ్మ దాత కాలేదని చెప్పింది.

ఎందుకని అడిగాను. కారణం తాను చెప్పనంది. టెస్టులన్నా కాకుండానే ఎలా తేలిందన్నాను. రక్తం చూడందే చెప్పడానికి మీకు దేవదూత ఎవరైనా కబురు తెచ్చారా అని కూడా అన్నాను. ఆమెకు కోపం రాలేదు. కొన్నిచోట్ల ఇలాంటప్పుడు సరిపోలేదని అబద్ధం చెప్తారని, తాను చెప్పనని అంది. "నిజం కూడా మీకు చెప్పను శౌరి గారూ. అది ఆమెది."

నేను ఊరుకోలేదు. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం గుడికి పోయినవాణ్ని. మనవాళ్ల కోసం ప్రాణమైనా ఇవ్వడం గురించి, సిలువ గురించి నాకు తెలిసిన వాక్యాలన్నీ తీశాను. ఒక సిస్టర్‌కు సువార్త పాఠం చెప్పడానికి కావలసినంత సిగ్గులేనితనం ఆ రోజు నా దగ్గర ఉంది.

ఆమె అంతా విని చెప్పింది: "ఆయన తనంతట తాను ఇచ్చాడు. ఆయన పేరు మీద ముందే ఎవరూ కృతజ్ఞతా పూజ చెప్పించలేదు."

చీటీ సంగతి లూర్దమ్మ చెప్పి ఉంటుంది. తర్వాత సిస్టర్ ఇంకా కొన్ని మాటలు చెప్పింది. ఈ శరీరానికి మనం యజమానులం కాము, చూసుకోమని దేవుడు మన చేతిలో పెట్టాడు. దానిలోంచి ఒక ముక్క ఇంకొకరికి ఇవ్వడం గొప్ప ప్రేమే, మన క్రైస్తవ తిరుసభ కూడా దాన్ని మెచ్చుకుంటుంది. కానీ వద్దనడానికి దారి ఉన్నప్పుడే అది ఇవ్వడం, దారి మూసేస్తే తీసుకోవడం. మంచి మాటలే. ఆ రోజు అవి నాకు బస్టాండులో వినిపించే అనౌన్స్‌మెంట్లలా ఉన్నాయి. నేనెక్కాల్సిన బస్సు రద్దయిందన్నదొక్కటే అర్థమైంది.

ఇక్కడిదాకా చేసిందాన్ని భయంలో చేశానని ఎవరైనా సర్దిచెప్తే కాదనను. తర్వాతిదానికి అలాంటి సాకు లేదు.

క్రిస్మస్‌కు లూర్దమ్మ రాలేదు. పూజయ్యాక గుడి ఆవరణలో కేకు పంచుతుంటే మగవాళ్లు నా చుట్టూ చేరి ఆపరేషన్ ఎప్పుడని అడిగారు. సిస్టర్ చెప్పినట్టే, చెల్లె దాత కాలేదని ఊరుకుంటే సరిపోయేది. రక్తం కుదరలేదేమో అనుకుని వాళ్లే ఊరుకునేవాళ్లు. ఆ సందు సిస్టర్ కావాలనే ఉంచింది. లూర్దమ్మ తలెత్తుకుని దాన్లోంచి బయటపడటానికి ఉంచింది. ఆ సంగతి నాకు తెలుసు.

"మా చెల్లె కిడ్నీకి సిగ్గెక్కువ. నలుగుర్లకు రానంటున్నది" అన్నాను.

నవ్వారు. నేను నవ్వించగలనని మా ఊళ్లో పేరుంది, ఆ పేరు పోగొట్టుకోలేదు. ఎవరో టెస్టుల్లో పోయిందా అని అడిగితే, టెస్టులదాకా ఎక్కడొచ్చింది, ఆమెనే వద్దన్నదని కూడా చేర్చాను. పక్కన నిర్మల ఉంది. ఆ మాటకు ముందు దాకా లూర్దమ్మ మీద ఆమెకు నాకంటే ఎక్కువ కోపం. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని, తల్లాడ వచ్చేదాకా బయటికే చూసింది. తర్వాత ఎప్పుడూ చెల్లెను ఒక్క మాట అనలేదు.

జోకులకు బస్సు అక్కర్లేదు. సంక్రాంతి సెలవులు అయ్యేలోపే అది అశ్వారావుపేట చేరింది. తోట మేస్త్రీ జోజిని, మీ ఇంటామె కిడ్నీకి సిగ్గట గదా అని అడిగాడట. లూర్దమ్మ అక్కడి చర్చికి పోవడం కూడా మానేసిందని నిర్మలకు ఎవరో చెప్పారు. నిర్మల నాకు చెప్పింది, చెప్పి లేచి వెళ్లిపోయింది.

జనవరి నుంచి ఫిబ్రవరి దాకా నా ఒంట్లో బాగాలేదు. మిషన్ మీద బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి, కంబళి కప్పినా వణుకు. అప్పుడే సోమయ్య తాత ఇక రానని చెప్పాడు.

నేను నచ్చజెప్పబోయాను. "ఇడిసిపెడితే ఎట్ల తాతా? మిషన్ ఉంటే ఇంకా కొన్నేండ్లు బతుకుతవ్."

"ఈడికొచ్చుడు పోవుడుకే నాలుగు దినాలాయె. మిగిలిన మూడు దినాలు పండుకునుడే" అన్నాడు. "నువ్వు జెప్పే బతుకుడు ఎప్పుడు సారూ?"

ఆయన దాహానికి ఉపాయం చెప్పినట్టు నేను దీనికి చెప్పలేకపోయాను. సిస్టర్ ఎల్సీ ఆయనతో మూడు వేర్వేరు రోజులు మాట్లాడింది. పక్క మంచం కాబట్టి చూశాను. స్టూలు తెచ్చుకుని ఆయన మొహానికి సమానంగా కూర్చునేది. కోయలో అడిగేది. అడిగి ఊరుకునేది. ఆ ఊరుకోవడం చాలాసేపు ఉండేది, మిషన్ చప్పుడు ఒక్కటే వినిపించేది. మానేస్తే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. మనసు మారితే ఏ రోజైనా వచ్చేయమంది. మూడో రోజు ఆయన భార్యను కూడా కూర్చోబెట్టుకుని అడిగింది. మూడుసార్లూ ఆయన అదే చెప్పాడు. తమ పూజారి వచ్చి ఏదో చేయాలన్నాడు. మరుసటి వారం ఆ పూజారి వస్తే సిస్టరే వార్డులో చోటు చూపించి, తలుపు దగ్గర నిలబడింది.

ప్రాణం పవిత్రమని మన మతమే చెప్తుంది కదా, మీరెలా ఒప్పుకున్నారని అడిగాను. నిజంగానే తెలుసుకుందామని అడిగాను, వెక్కిరించడానికి కాదు. అప్పటికి వెక్కిరించే ఓపిక కూడా లేదు.

"ప్రాణం పవిత్రం. మిషన్ కాదు" అంది. చావు కావాలనడం వేరు, మోయలేని చికిత్స వద్దనడం వేరు అని, ఆ బరువు ఎంతో మోసేవాళ్లే చెప్పాలని అంది. వెళ్లిపోతూ ఆయన దుప్పటి సరిచేసింది. నాది కూడా సరిచేసింది.

సోమయ్య తాత తన గూడెంలో, తన ఇంట్లో పోయాడని కొన్నాళ్లకు తెలిసింది. ఆయన మిషన్ మీదికి వేరే మనిషి వచ్చాడు. నాకు మాత్రం ఆ స్టూలు కళ్లముందు నుంచి పోలేదు. ఒక ముసలాయన్ని ఒక్క ప్రశ్న అడగడానికి ఆమె మూడు రోజులు తీసుకుంది. నేను నా సొంత చెల్లెను ఒక్కసారి కూడా అడగలేదు. చీటీ రాసి డబ్బాలో వేశాను.

ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సు కాలంలో ఊరికి పోయి పాపసంకీర్తనం చేశాను, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకున్నాను. కోపం, జపం మానడం, అలవాటైన వరసలో చెప్పుకుంటూ వచ్చి చివర్లో చీటీ సంగతీ, క్రిస్మస్ సంగతీ చెప్పాను.  ఆ చీటీ చదివింది తానే కదా అన్నారు ఫాదర్ గారు. ఆమెను ఒక్క మాట అడిగి చదవాల్సింది అన్నారు. ఇంత పెద్ద పాపంలో భాగం పంచుకునే మనిషి దొరికితే నాకు ఊరట కలగాలి. కలగలేదు. ప్రాయశ్చిత్తంగా జపమాల ఏమీ ఇవ్వలేదు. అశ్వారావుపేట పోయి ఆమెకే చెప్పమన్నారు. అక్కడ జోకులు వద్దని కూడా అన్నారు. అది జపమాల కంటే కష్టం.

ఇప్పుడు నా ఆరోగ్యం కుదుటపడింది. మిషన్‌కు రక్తం బాగా అందాలని చేతికి చేసిన చిన్న ఆపరేషన్ బాగా పనిచేస్తోంది, వణుకు తగ్గింది, మళ్లీ బోర్డు మీద మూత్రపిండం వేస్తున్నాను. చనిపోయినవాళ్ల అవయవాలు వచ్చే జాబితాలో నా పేరు ఉంది. అది వచ్చేదాకా సోమవారం, గురువారం. ఎప్పుడో ఒకరోజు ఏదో దవాఖానా వరండాలో నాకు తెలియని ఒక కుటుంబాన్ని ఎవరో అడుగుతారు. స్టూలు తెచ్చుకుని కూర్చుని అడగాలని, వాళ్లు వద్దంటే సరేనని లేచిపోవాలని కోరుకుంటున్నాను. ఇది చదివేవాళ్లలో నాలాగా ఇంట్లోవాళ్ల వైపు చూస్తున్న రోగులు ఉంటే ఒక్కటే చెప్తాను. అడగండి. జవాబు మీకు నచ్చేది కాకపోవచ్చు, అయినా అడగండి. నేను తప్పించుకున్న పని అదే.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం అశ్వారావుపేట పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు తోట చూపించారు. ఆ ఊరికి నేను వచ్చి ఎంతకాలమైందంటే, దారి అడగాల్సి వచ్చింది.

లూర్దమ్మ చెట్ల మధ్య గొంతుక్కూర్చుని, గెలల నుంచి రాలిన పండ్లు ఏరి గోతంలో వేస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చో అన్నా అంది. నేనూ కూర్చుని ఏరబోయాను. మట్ట ముల్లు వేలికి గుచ్చుకుంది. నువ్వు ముట్టకు, నీకు నెత్తురు ఆగదేమో అంది. గోతం తన వైపు లాక్కుంది.

చెప్పాను. చీటీ కావాలనే రాశానని, రెండుసార్లు రాశానని, క్రిస్మస్ రోజు నవ్వించడానికి ఆమెను వాడుకున్నానని. జోకు లేకుండా నేను మాట్లాడిన అతి పొడుగైన మాట అదే. నన్ను మాఫ్ చేసినవా అని అడిగాను. ఆమె ఏరడం ఆపలేదు.

పిడికెడు పండ్లు గోతంలో వేసి, "ఆ సిస్టరమ్మ, నీకు ఇష్టమేనా అమ్మా అని అడిగింది" అంది. "నా పెండ్లికి గూడ నన్నెవ్వలు గట్ల అడగలే. ఏడుపొచ్చింది. భయమైతుందని జెప్పిన. గంతే."

నేను తలూపాను. ఆమె తర్వాతి చెట్టు కిందికి జరిగింది. నేనూ జరిగాను. సాయంత్రం బస్సుకు ఇంకా టైముందో లేదోనని ఫోన్ తీసి చూసుకున్నాను. చూసుకుని, నన్ను మాఫ్ చేసినవా లూర్దమ్మా అని రెండోసారి అడిగాను.

ఆమె గోతం మూతి ముడివేసి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"అప్పుడు కిడ్నీ కావాలె. ఇప్పుడు మాఫీ కావాలె. ఏం అక్కెర లేకుంట ఎన్నడన్న వస్తవా అన్నా?"